భువనగిరి బండ మీద పాదాల చదువు

ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సెక్కి ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తల తిప్పి వెతకాల్సిన పని లేకుండా ఒక బండ ఎదురవుతుంది. కొండ అందామంటే మట్టి లేదు, అడవి లేదు. గుడ్డు ఆకారంలో ఒకే ఒక్క రాయి, ఎత్తు దాదాపు 500 అడుగులు. భువనగిరి కోట దాని మీదే ఉంది. చలికాలం సెలవు రోజుల్లో తాళ్ల సంచులు, హెల్మెట్లు మోసుకుంటూ ఇక్కడ దిగే కుర్రకారు కోట చూడ్డానికి రారు. ఆ రాతి వాలును ఎక్కడానికి వస్తారు.

ఈ రాయి హైదరాబాదు తూర్పువాళ్లకు పరాయిదేం కాదు. నాచారానికి ఉత్తరాన ఉన్న మౌలాలి గుట్టదీ ఇదే జాతి. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వచ్చే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. దాని చుట్టుపక్కల ఇళ్ల పునాదుల కింద ఉన్నదీ ఈ గ్రానైటే. శాస్త్రజ్ఞుల లెక్కలో దీని వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే. భూమి లోతుల్లో గట్టిపడిన ఈ రాయి, మీది బరువు కోసుకుపోయేకొద్దీ పైభాగానికి సమాంతరంగా పగిలి పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకే దీనికి అంచులు తక్కువ, గుండ్రటి వాలులు ఎక్కువ. చేతికి పట్టు దొరకదు. ఇక్కడి ఎక్కుడు విద్యంతా ఆ లోటులోంచే పుట్టింది.

మొదటిసారి వాలు మీద నిలబడినవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. భయంతో ముందుకు వాలి రాతిని కావలించుకుంటారు. జారేది సరిగ్గా అప్పుడే. ఒళ్లు రాతికి అతుక్కుంటే బరువు పాదాన్ని రాతిలోకి నొక్కదు, వాలు వెంబడి కిందికి లాగుతుంది. నడుమును రాతికి దూరంగా ఉంచి, మడమ దించి, బూటు ముందుభాగాన్ని వీలైనంత వెడల్పుగా ఆనిస్తే బరువు నేరుగా పాదం మీదికి వస్తుంది. రబ్బరు గరుకు రాతిని పట్టుకుంటుంది. క్లైంబర్లు దీన్ని స్మియరింగ్ అంటారు. కండబలం ఉన్న కుర్రాళ్లు చేతులతో పైకి లాక్కోబోయి అలసిపోతుంటే, పాదాన్ని నమ్మిన అమ్మాయిలు నింపాదిగా పైకి పోవడం ఈ బండ మీద మామూలే.

అడుగులు చిన్నవిగా పడాలి. పెద్ద అంగ వేస్తే రెండో పాదం మీద బరువు తప్పుతుంది. రాతిలో పైకి తేలిన ఫెల్‌స్పార్ పలుకు, గోరంత లొత్త, గరుకు మచ్చ, వీటిని కన్ను ముందే ఏరిపెట్టుకోవాలి. మంచుకొండల్లో చెట్ల నడుమ స్కీయింగ్ చేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే జాగ్రత్త కూడా ఇలాంటిదే: చెట్టు మీంచి చూపు తీసి, రెండు చెట్ల మధ్య సందు మీద పెట్టడం. చూపు ఎటుంటే ఒళ్లు అటే పోతుంది. బండ మీద కిందికి చూస్తూ నిలబడిపోయినవాళ్ల మోకాళ్లు వణుకుతాయి. తర్వాతి అడుగు పడే చోటు చూసినవాళ్లు కదులుతారు.

తాడు ఎక్కడానికి కాదు, జారితే ఆపడానికి. నడుముకు హార్నెస్, దానికి ఎనిమిది అంకెలాంటి ముడి, పైన గట్టి ఆధారం, కింద బిలే చేసే, అంటే తాడు పట్టి కాపాడే, తోడు. ఎక్కేవాళ్లు పైకి పోయేకొద్దీ ఆ తోడు వదులు తాడును లాక్కుంటూ ఉండాలి, బ్రేకు చేతిని మాత్రం తాడు మీంచి రెప్పపాటు కూడా తీయకూడదు. బయల్దేరే ముందు ఒకరి ముడిని ఒకరు తడిమి చూసుకుంటారు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఇది మానరు, మానకూడదు. తాడు పట్టుకుని వెనక్కి దిగే రాపెలింగ్ చూడ్డానికి సులువుగా ఉంటుంది కానీ, అక్కడ ఒంటి బరువంతా పరికరాల మీదే ఉంటుంది. ఏమరుపాటుకు చోటే లేదు.

పొద్దెక్కితే రాయి కాలుతుంది, రబ్బరు మెత్తబడి పట్టు సడలుతుంది. అందుకే తెల్లవారుజాము ప్రయాణం. వాన పడితే ఆ రోజుకు అంతే. నీరు పారి నల్లబడిన చారికలు తడిస్తే నాచుతో జారతాయి.

ఈ నున్నదనాన్నే ఒకప్పుడు రాజులు గోడగా వాడుకున్నారు. పశ్చిమ చాళుక్యుల్లో త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుతోనే ఇది త్రిభువనగిరి అయింది. గీత వృత్తి కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో దీని మీద దాడి చేశాడు. ఎక్కడానికి వీల్లేకుండా శత్రువును ఆపిన వాలే ఇప్పుడు ఎక్కడం నేర్పే బడి అయింది.

ఆ బడి ఏం ఇవ్వగలదో చూపించింది మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఈ గిరిజన బాలిక సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు పిల్లలను శిక్షకుడు శేఖర్ బాబు దగ్గర నేర్చుకోవడానికి ఈ బండ మీదికి పంపారు. ఇక్కడి నుంచి డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఖమ్మం కుర్రాడు ఆనంద్‌కుమార్‌తో కలిసి పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. 2022లో డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. మంచు ముఖం ఎరగని పిల్లలు ఎత్తుకు, తాడుకు, తోటివాళ్లను నమ్మడానికి ఇక్కడ అలవాటుపడ్డారు. ఖరీదైన శిబిరాలకు పోలేని ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి మొదటి మెట్టు మన దగ్గర ఇంకోటి లేదు.

అయితే నగరం చుట్టూ ఇలాంటి రాళ్లు తరిగిపోతున్నాయి. కంకర కోసం, వెంచర్ల కోసం పేల్చిన గుట్ట మళ్లీ రాదు. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వీటి కోసం పోరాడుతూనే ఉంది. ఈ రాళ్లు నేర్పే విద్యకు మాత్రం విలువ పెరిగింది: టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్స్‌తో స్పోర్ట్ క్లైంబింగ్ విశ్వక్రీడ అయింది. అక్కడి కృత్రిమ గోడల మీద కూడా స్లాబ్, అంటే పట్టు దొరకని ఏటవాలు, వస్తే చేతిబలం ఒక్కటే చాలదు, పాదం తెలిసినవాళ్లే నిలుస్తారు. ఇతర దేశాల్లో ప్లైవుడ్‌తో కట్టుకునే ఆ వాలు ఉప్పల్ పిల్లలకు గంటన్నర బస్సు దూరంలో, అసలు రాయిగానే ఉంది.