19 నెలలు, 19 సంచికలు: వాంకూవర్ చిన్న పత్రికలు నేర్పే విద్య

కెనడా కవిత్వాన్ని మలుపు తిప్పిన పత్రిక ఏదని నన్నడిగితే, నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చయిన పత్రికల జోలికే వెళ్లను. 1961 సెప్టెంబరులో వాంకూవర్‌లో పుట్టిన ‘టిష్’ పేరు చెబుతాను. సైక్లోస్టైల్ కాగితాలు, పోస్టల్ స్టాంపులు, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం (యూబీసీ)లో చదువుకునే ఐదుగురు కుర్రాళ్లు: ఫ్రాంక్ డేవీ, జార్జ్ బవరింగ్, ఫ్రెడ్ వా, జేమీ రీడ్, డేవిడ్ డాసన్. ఆ పత్రికకున్న ఆస్తి అంతే. ఆ ఐదుగురిలో బవరింగ్ 2002లో కెనడా పార్లమెంటుకు తొలి ఆస్థాన కవి అయ్యాడు. 2011లో అదే పీఠం ఫ్రెడ్ వాను వరించింది. విద్యార్థులు సొంతంగా నడుపుకున్న పత్రికకు ఇంతకన్నా ఏం కీర్తి కావాలి!

పుట్టుక కథ క్లుప్తంగా చెబుతాను. వారెన్ టాల్‌మన్ అనే ఆచార్యుడు ఈ కుర్రాళ్లను చేరదీశాడు. 1961 వేసవిలో రాబర్ట్ డంకన్ అనే అమెరికన్ కవి వచ్చి కవిత్వం మీద ఉపన్యాసాలిచ్చాడు. ఆ వేడి చల్లారకముందే పత్రిక మొదలైంది. యంత్రం సంగతంటారా, మన పాత ఆఫీసుల్లో వాడిందే. మైనపు స్టెన్సిల్ మీద టైపు కొట్టడం, సిరా పూసిన రోలరు తిప్పడం, కాగితాలు ఆరబెట్టుకోవడం. గొప్పతనం యంత్రంలో లేదు, దాన్ని వాడిన పద్ధతిలో ఉంది. సృజనాత్మకంగా ఏదైనా రాసి నలుగురికీ క్రమంగా అందించాలనుకునే వాళ్లెవరైనా ఆ పద్ధతి నేర్చుకోవాల్సిందే.

మొదటిది, గడువు. తొలి బృందం 19 నెలల్లో 19 సంచికలు తెచ్చింది. పరీక్షలున్నాయని ఆగలేదు, మంచి కవితలు రాలేదని వాయిదా వేయలేదు. ఊహ వచ్చినప్పుడు రాస్తాననేవాడికి ఊహ రావడమే మానేస్తుంది. గడువు తరుముకొస్తుంటే చెయ్యి దానంతటదే కదులుతుంది. ఈ విద్యను పరాకాష్ఠకు తీసుకెళ్లిందీ వాంకూవరే. మూడు రోజుల్లో నవల రాసే పోటీ 1977లో ఈ ఊళ్లోనే మొదలైంది. సెప్టెంబరు తొలివారంలో వచ్చే లేబర్ డే సెలవుల్లో కూర్చుని నవల పూర్తి చేయాలి. అలా రాసినవి పుస్తకాలై అచ్చయ్యాయంటే గడువుకున్న బలం అర్థమవుతుంది.

రెండోది, పాఠకుణ్ణి వెతుక్కోవడం. టిష్‌ను కొట్లో పెట్టి కొనేవాడి కోసం ఎదురుచూడలేదు. ఎవరు చదవాలో సంపాదకులే ఆలోచించుకుని, పేర్లు రాసుకుని, కవులకూ విమర్శకులకూ ఉచితంగా పోస్టులో పంపారు. ఎందరు చూశారన్న లెక్క కంటే ఎవరు చదివారన్న ఎరుక ముఖ్యం. మీ రచన చదివి తిరిగి ఉత్తరం రాసే యాభైమంది దొరికితే పత్రిక బతుకుతుంది. తల ఊపి వెళ్లిపోయే ఐదువేల మంది ఉన్నా అది నిలవదు.

మూడోది, కలిసి చదవడం. పత్రికకు ముందు ఈ కుర్రాళ్లది చదువుకునే బృందం. 1960లో డోనల్డ్ ఆలెన్ తెచ్చిన కొత్త అమెరికన్ కవుల సంకలనాన్ని కూర్చుని పంక్తి పంక్తీ విప్పి చూశారు. ఒకరి కవితను మరొకరు మొహమాటం లేకుండా కోశారు. అక్కడే కొందరు వాళ్లని అమెరికా అనుచరులన్నారు. 1976లో కీత్ రిచర్డ్‌సన్ అచ్చంగా ఆ నింద మోపుతూ ఒక పుస్తకమే రాశాడు. నేను ఒప్పుకోను. పొరుగువాడి దగ్గర పనితనం నేర్చుకోవడం బానిసత్వమైతే ఈ భూమ్మీద స్వతంత్రుడైన కవి ఒక్కడూ మిగలడు. నేర్చుకున్న విద్యతో వాళ్లు ఏం రాశారో చూడాలి కదా!

వాళ్లు రాసింది తామున్న ఊరిని. అదే నాలుగో మెళకువ. బవరింగ్ ‘కెరిస్‌డేల్ ఎలిజీస్’ చదివితే వాంకూవర్‌లోని ఒక పేట వీధులన్నీ కవిత్వంలో నడుస్తాయి. ఈ తీరాన్ని కొలిచిన కెప్టెన్ జార్జ్ వాంకూవర్ మీద అతను రాసిన ‘బర్నింగ్ వాటర్’ నవలకు గవర్నర్ జనరల్ అవార్డు వచ్చింది. టిష్ రెండో బృందంలో పనిచేసిన డాఫ్నీ మార్లట్ ఇంకా పై మెట్టు. ఫ్రేజర్ నది సముద్రంలో కలిసే చోట జపనీస్ కెనడియన్ జాలరుల ఊరు స్టీవ్‌స్టన్ ఉంది. ఛాయాచిత్రకారుడు రాబర్ట్ మిండెన్‌తో కలిసి ఆ ఊరి మీద 1974లో ఆమె తెచ్చిన పుస్తకంలో వాక్యం ఆ నదిలాగే బురదనీ చేపల వాసననీ మోసుకుంటూ సాగుతుంది. ఆ పుస్తకాన్ని పొగడటం మొదలుపెడితే నాకు ఆపాలనిపించదు.

ఐదోది, చిన్న రూపం. 1990లో స్టీఫెన్ ఆస్బోర్న్, మేరీ షెండ్లింగర్ వాంకూవర్‌లో మొదలుపెట్టిన ‘గైస్ట్’ పత్రిక పోస్టుకార్డు కథల పోటీ పెట్టింది. ఒక పోస్టుకార్డు బొమ్మ, దానికి తగ్గ కథ, 500 మాటలు మించకూడదు. రోజంతా ఉద్యోగం చేసుకుని వచ్చినవాళ్లు కూడా రాత్రి కూర్చుని రాయగల కొలత అది. కొత్త రచయితను భయపెట్టకుండా లోపలికి పిలిచే తలుపు కూడా అదే.

ఆరోది, భుజం మార్చుకోవడం. తొలి బృందం తప్పుకోగానే టిష్ ఆగిపోలేదు. మార్లట్, గ్లాడిస్ హైండ్‌మార్చ్, డాన్ మెక్‌లియడ్ వంటివాళ్లు అందుకున్నారు. 1969 దాకా మొత్తం 45 సంచికలు వచ్చాయి. ఆ మెక్‌లియడే 1967లో ‘జార్జియా స్ట్రెయిట్’ వారపత్రిక స్థాపకుల్లో ఒకడు. 1975లో ఇక్కడి స్త్రీలు ‘రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ పేరుతో మొదలుపెట్టిన పత్రికను మొదటి నుంచీ సమష్టిగానే నడిపారు. ఒక్కరి ఉత్సాహం మీదే ఆధారపడిన పత్రిక ఆ ఒక్కరూ అలసిన రోజున ఆగిపోతుంది.

ఈ విద్య మనవాళ్లకు తెలియనిదేం కాదు. అట్లాంటాలో భౌతికశాస్త్రం బోధించే పెమ్మరాజు వేణుగోపాలరావు 1970లో ‘తెలుగు భాషా పత్రిక’ మొదలుపెట్టారు. అమెరికాలో తెలుగు అచ్చు దొరకని కాలం అది. అక్షరాలు లేవని ఊరుకోక చేతిరాతతోనే పత్రిక తెచ్చారు. 1998లో మొదలైన ‘ఈమాట’ది మరో ఘనత. వచ్చిన రచనను పరిశీలకులతో చదివించి, సూచనలు రచయితకు పంపి, తిరగరాయించి వేసుకునే పద్ధతిని అది పట్టుదలగా పాటించింది. దిద్దించుకోవడం అవమానం కాదని ప్రవాసాంధ్ర రచయితలకు నేర్పిన పత్రిక అది.

అటువంటి వారసత్వం ఉండి కూడా ఇవాళ మనం చేస్తున్నదేమిటి? పండగ వచ్చిందంటే ఒక పీడీఎఫ్ సంచిక. తెరిస్తే వాట్సాప్‌లో తిరిగి తిరిగి అరిగిపోయిన కవిత, రాసినవాడి పేరు ఎగిరిపోయి ఉంటుంది. పక్కన యంత్రం చేత రాయించిన వ్యాసం, దానికింద మాత్రం ఎవరిదో పేరు! పరులు రాసింది పేరు తీసేసి వేసుకోవడాన్ని నేను దొంగతనం అనే అంటాను. ఇక తెలుగు సంఘాల సావనీర్లు. శుభాకాంక్షల సందేశాలు, ప్రకటనలు, కార్యవర్గం ఫొటోలు పోగా మిగిలిన మూలన ఒక కథ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ఎవరూ దిద్దరు, ఎవరూ చదవరు. అంత డబ్బు పోసి వేసిన ఆ పుస్తకం సభ ముగిసేసరికి కుర్చీల మీద మిగిలిపోతుంది. ఆ ఖర్చులో పదో వంతుతో ఏడాది పొడవునా ఒక చిన్న పత్రిక నడవదా? నడుస్తుంది. చేతకాక మానలేదు, దిద్దడానికి ఓపిక లేక మానేశాం.

అందుకే వాంకూవర్ తెలుగువాళ్లకు నా విన్నపం. సర్రీలోనో బర్నబీలోనో ఎవరో ఒకరి ఇంట్లో నలుగురు కూర్చోండి. ఎనిమిది పేజీలు చాలు, రంగులు వద్దు. ఈ ఊరిని రాయండి. తెల్లవారుజామున బస్సులో ఫ్రేజర్ నది వంతెన దాటే మన పిల్లల్ని రాయండి. నెలల తరబడి వదలని వానని, ఆ వానలో చలికి వణుకుతూ మనవణ్ణి బడికి దింపే నాన్నమ్మని రాయండి. అమలాపురం కొబ్బరితోటల మీద రాసేవాళ్లు అమలాపురంలో బోలెడంతమంది ఉన్నారు. ఇక్కడి సంగతి మీరు రాయకపోతే తెలుగులో రాసే దిక్కు లేదు. ప్రతి రచననూ ఇద్దరు చదివి దిద్దాకే వేయండి. స్నేహితుడిదైనా బాగోకపోతే తిప్పి పంపండి. చదివే యాభైమంది పేర్లు రాసుకుని, వాళ్ల చేతికే అందేలా చూడండి. ఏడాది తిరిగేలోపు మీ పని నేర్పడానికి ఇద్దరు కుర్రవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి సంచిక చివరి పేజీలో రెండో సంచిక తేదీ వేయండి. ఏం జరిగినా సరే, ఆ తేదీ తప్పకండి.