పిల్లలు తప్పు చెప్పని పుస్తకం

మా అక్క బీఈడీ చేసిన ఏడాది నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. సెలవులకి వైరా వస్తే రిజర్వాయర్ కట్ట మీదికి కూడా పోనివ్వకుండా కూర్చోబెట్టి రికార్డులు రాయించింది. "నీ రాత మంచిగుంటదిరా, నాకింకా పద్దెనిమిది పాఠాలున్నయి" అంది. రెండు మెథడాలజీలు, ఒక్కోదానికి ఇరవై చొప్పున నలభై పాఠ్యపథకాలు. ఎవరో సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, పేరూ తేదీ మార్చి, స్కేలుతో గళ్ళు కొట్టి ఎత్తి రాయడమే పని. ఎత్తి రాస్తున్నామన్న సిగ్గు మా ఇద్దరికీ లేదు. ఆ సీనియర్ కూడా ఇంకెవరిదో చూసే రాసి ఉంటుంది.

ఈమధ్య ఇల్లు సర్దుతుంటే ఆ రికార్డు బయటపడింది. అదే వారం గిజూభాయి బధేకా ‘దివాస్వప్న’ తెలుగు అనువాదం ‘పగటికల’ రెండోసారి చదువుతున్నాను. రెండింటిలోనూ ఒక టీచరు, ఒక తరగతి, బోలెడు సంభాషణ. పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాని లోపం ఇంకోదానిలో కనిపించింది. పాఠ్యపథకం మీద సమీక్ష ఏంటి అనుకోవచ్చు. కానీ మన దగ్గర టీచర్ కాబోయే ప్రతి మనిషీ తన చేత్తో రాసే, లేదా తమ్ముడితో రాయించే, రచన ఇది. ఇంతమంది రాసిన ప్రక్రియని మనం ఒక్కసారి కూడా రచనగా చదవలేదు.

ముందు దాని కట్టుబాటు చూద్దాం. పేజీని నిలువుగా గళ్ళు చేస్తారు. ఒక గడిలో బోధనాంశం, ఒక దాంట్లో లక్ష్యాలు-స్పష్టీకరణలు, తర్వాత ఉపాధ్యాయుని కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని. పాఠం ఉన్ముఖీకరణతో మొదలై, శీర్షికా ప్రకటన, వివరణ, పునశ్చరణ, ఇంటిపనితో ముగుస్తుంది. ఈ మెట్ల వెనక జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ ఉన్నాడు. ఆయన నాలుగు మెట్లు చెప్తే శిష్యులు ఐదు చేశారు. లక్ష్యాల గడిలోకి 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ వచ్చి చేరింది. ఆ మెట్లను తప్పు పట్టను. వెళ్ళబోయే దారి ముందే ఆలోచించుకోవడం మంచిదే, నేను బతికేది కూడా అలాంటి పని మీదే.

నాకు ఇబ్బంది విద్యార్థి కృత్యం అనే గడితో. అక్క రికార్డులో నీటి కాలుష్యం మీద ఒక పాఠం ఉంది. "దాహం వేస్తే మనం ఏం తాగుతాం?" అని టీచరు అడుగుతుంది. పక్క గడిలో, నా చేతిరాతలో: "నీళ్ళు." "ఆ నీళ్ళు మనకి ఎక్కడి నుంచి వస్తాయి?" "చెరువులు, బావులు, నదుల నుంచి." ఇలా మూడు ప్రశ్నలయ్యాక నాలుగోది సమస్యాత్మక ప్రశ్న. దానికి పిల్లలు జవాబు చెప్పలేరు. అప్పుడు టీచరు పాఠం పేరు బోర్డు మీద రాస్తుంది. అంటే నలభై పాఠాల్లో పిల్లలకి తెలియకపోవడం అనేది పాఠానికి ఒక్కసారే, టీచరు కోరుకున్న చోటే జరుగుతుంది. మిగతా అంతటా పుస్తకంలో ఉన్న వాక్యాన్నే వాళ్ళు తిరిగి చెప్తారు. ఎవడూ కిటికీ బయటికి చూడడు. ఎవడూ పక్కవాణ్ణి గిచ్చడు. ఒక్క పిల్లకి పేరు లేదు.

మా ఆఫీసులో దీన్ని హ్యాపీ పాత్ అంటాం. యూజర్ అన్నీ సరిగ్గా నొక్కితే ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో ఆ దారి. అది ఒక్కటే పరీక్షించి కోడ్ బయటికి వదిలితే ఏమవుతుందో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. ఇక్కడ మాత్రం అది ఒక్కటే రాయడానికి మార్కులు.

మైక్రోటీచింగ్‌లోనూ ఇదే కథ. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి ఇది. ఒక్క నైపుణ్యాన్ని తీసుకుని కొద్ది నిమిషాలు చెప్పి, లోపాలు విని, సరిదిద్దుకుని మళ్ళీ చెప్పడం. మన దగ్గరికి వచ్చాక ఎన్‌సీఈఆర్‌టీ దీన్ని 36 నిమిషాల చక్రంగా మార్చింది: బోధనకి 6, సూచనలకి 6, తిరిగి తయారవడానికి 12, పునర్బోధనకి 6, మళ్ళీ సూచనలకి 6. ఆలోచన బాగుంది. కానీ ముందు కూర్చునే పిల్లలు ఎవరు? తోటి బీఈడీ వాళ్ళే. ఇరవై మూడేళ్ళ మనిషి ఐదో తరగతి పిల్లాడిలా చెయ్యెత్తి, స్నేహితురాలి మార్కులు పోకుండా సరైన జవాబు చెప్తాడు. రికార్డులో రాసిన విద్యార్థి ఇక్కడ మనిషి రూపంలో కూర్చున్నాడు, అంతే తేడా.

ఇప్పుడు ‘పగటికల’కి వద్దాం. గుజరాతీలో 1932లో వచ్చిన పుస్తకం. రాసిన గిజూభాయి వకీలు పని వదిలి భావనగర్‌లో పిల్లల బడి నడిపినవాడు. ఇందులో కథ చెప్పే టీచరు విద్యాధికారి దగ్గర అనుమతి తీసుకుని నాలుగో తరగతితో ఏడాది పాటు ప్రయోగం చేస్తాడు. చక్కగా పథకం రాసుకుని మొదటి రోజు బడికి పోతాడు. మౌనం ఆటతో మొదలుపెడదామనుకుంటాడు. పిల్లలు గోల గోల చేస్తారు. ఆ పథకం పనికిరాదని ఒప్పుకుని ఆ రోజుకి వాళ్ళని ఇంటికి పంపేస్తాడు. మర్నాడు కథ చెప్పడం మొదలుపెడతాడు. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ మొదటి రోజే. టీచరు ఓడిపోయిన రోజుని దాచకుండా కథ ముందే పెట్టడం వల్ల, తర్వాత ఆయన గెలిచిన రోజుల్ని నమ్మగలిగాను.

అలాగని ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోలేను. మొదటి రోజు దాటాక ఇదీ మెల్లగా హ్యాపీ పాత్ ఎక్కుతుంది. కథ చెప్తే పిల్లలు వింటారు, ఆట పెడితే ఆడతారు. ఎదురు నిలిచేది ఎక్కువగా పెద్దవాళ్ళే. అన్నిటికన్నా ముఖ్యంగా, కథ పని చెయ్యాలంటే చెప్పేవాళ్ళదీ వినేవాళ్ళదీ ఒకే భాష కావాలి. ఆ సంగతి గిజూభాయికి ప్రశ్నగా ఎదురవలేదు. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసి, బళ్ళు తనిఖీ చేసిన చలం కూడా ‘బిడ్డల శిక్షణ’లో ఎక్కువగా తల్లిదండ్రులతోనే మాట్లాడతాడు.

వైరా నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం వైపు పోతే అది ప్రశ్న అవుతుంది. అక్క మొదటి ఉద్యోగం అటే, షెడ్యూల్డ్ ఏరియా గీతకి కాస్త ఇవతల, అడవి అంచు ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. తరగతిలో సగం మంది కోయ పిల్లలు. మొదటి వారంలోనే రికార్డు ప్రశ్న గుర్తొచ్చి అడిగిందట, దాహం వేస్తే ఏం తాగుతాం అని. ముందు వరసలో ఒక పిల్ల "ఏరు" అంది. వీళ్ళు ఏటి నీళ్ళు తాగుతారు కాబోలు అనుకుని అక్క "ఏరు కాదమ్మా, నీళ్ళు" అని దిద్ది, అందరితో మూడుసార్లు అనిపించింది. మధ్యాహ్న భోజనం వండే ఆమె చెప్తే గానీ తెలియలేదు, కోయలో ఏరు అంటే నీళ్ళే. ఆ పిల్ల సరైన జవాబే చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు తరగతిలో నోరు విప్పలేదట.

అక్క ఇది ఫోన్లో చెప్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ గడి. "నీళ్ళు" అని రాసింది నేనే కదా.

ఈ సమస్య ఎవరికీ తెలియనిదేం కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్లు స్థానిక గిరిజనులే ఉండాలని 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు వాదన ఎలా ఉన్నా, ఆ జీవోకి పిల్లల భాష తెలిసిన టీచర్లు దొరికే వీలుండేది. ఆ వీలు పోయినచోట శిక్షణ మీద బరువు ఇంకా పెరుగుతుంది.

శిక్షణ మారలేదని అనను. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ళయింది, 20 వారాలు బడిలో గడపాలన్నారు, జరిగిందాన్ని తలుచుకుని జర్నల్ రాయమన్నారు. కాగితం మీద ఇది గిజూభాయి మొదటి రోజుకి చోటిచ్చినట్టే. కానీ ఈమధ్య బీఈడీ చేసిన మా బంధువుల అమ్మాయి జర్నల్ అడిగి చదివాను. "ఈ రోజు పాఠం విజయవంతంగా బోధించాను. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు." పేజీ తర్వాత పేజీ ఇంతే. ఆ అమ్మాయిని ఏమంటాం? ఓడిపోయానని రాస్తే మార్కులు వేస్తారని ఎవరూ ఆమెకి చెప్పలేదు. సాహిత్యంలో మనం తప్పుడు పాత్రని పట్టుకుంటాం, రచయితని నిలదీస్తాం. ఈ రచనని దిద్దేవాళ్ళు చేతిరాతా, గళ్ళూ, సంతకాలూ చూసి వదిలేస్తారు.

అక్క ఇప్పటికీ పాఠం రాసుకునే పోతుంది. కాకపోతే పిల్లలు అన్న గడి ఖాళీగా వదిలేసి, సాయంత్రం ఇంటికొచ్చాక నింపుతుంది. అందులో పేర్లుంటాయట. కోయ మాటలు కూడా ఉంటాయట. ఆ నోట్‌బుక్ ఏ అధికారీ అడగడు. ఈ వ్యాసం కోసం రెండు పేజీలు ఫొటో తీసి పంపక్కా అంటే నవ్వేసింది. "వద్దులేరా, గబగబా రాసుకుంట. నా రాత నీకు అర్థం కాదు" అంది.