పందెమునకు చేరని పందెపు కారు - లైఫ్ ఎల్190

1990వ సంవత్సరపు గ్రాండ్ ప్రీ పందెములకు ఇటలీ దేశపు ఒక చిన్న జట్టు ‘లైఫ్ ఎల్190’ అను కారును 14 పర్యాయములు తెచ్చినది. ఒక్క పందెమున కూడ అది పాల్గొనలేదు. ఆనాడు చిన్న జట్లకు ఉదయముననే గంటసేపు ముందస్తు అర్హత పరీక్ష జరిగెడిది. మొదటి నాలుగు కార్లలో నిలిచినగాని ముందుకు పోనిచ్చెడివారు కారు. జట్టు యజమాని ఎర్నెస్టో వీటా. ఇటాలియన్ భాషలో వీటా అనగా జీవితము. దాని ఇంగ్లీషు రూపమే కారు పేరు.

ఈ కారును తలచి నవ్వుట పరిపాటి. కాని ఇంజను ఊహ నవ్వదగినది కాదు. ఫెరారీలో చిరకాలము పనిచేసిన ఫ్రాంకో రోక్కీ దానిని రూపొందించెను. 3.5 లీటర్ల ఇంజనులో 12 సిలిండర్లు, నాలుగేసి చొప్పున మూడు వరుసలు, విసనకర్ర వలె విచ్చుకొని ఒకే క్రాంకు షాఫ్టును త్రిప్పును. వి12లో వరుసకు ఆరు సిలిండర్లుండును. ఇందు నాలుగే గనుక నిడివి వి8 అంతయే. కాగితముపై లెక్క చక్కగనే ఉన్నది. అయితే షాఫ్టులోని ప్రతి వంపుపైనను మూడు పిస్టన్ల భారము పడును. మన పల్నాటి బండలాగుడు పందెములలో ఎద్దులకెంత బలమున్నను కాడి విరిగినచో బండ కదలదు గదా!

శక్తి చాలకనే ఓడెనని పలువురందురు. ఈ సమాధానము చాలదు. దీని శక్తి సుమారు 450 అశ్వశక్తులని చెప్పుదురు. పోటీ ఇంజన్లది 600 పైమాట. గాలి నిరోధమును దాటుటకు కావలసిన శక్తి వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును. కనుక శక్తి నాలుగింట మూడు వంతులైనను గరిష్ఠ వేగము నూటికి తొమ్మిది వంతులే తగ్గవలెను. త్వరణములోని నష్టమును కలిపినను, ఫీనిక్సులో గ్యారీ బ్రాభమ్‌కు కలిగిన 30 సెకన్లకు మించిన వెనుకబాటు దీనివలన రాదు. ఇంజను సరిగా నడువనే లేదన్నమాట. తరువాతి పందెమున, ఇంటర్లాగోస్‌లో, కారు కొన్ని వందల మీటర్లకే ఆగిపోయినది. ఆపై బ్రూనో జియాకొమెల్లి నడిపినను ఫలితము మారలేదు.

ఉన్నది ఒకే కారు. విడిభాగములు కొద్ది. చట్రము కూడ 1989 కొరకు వేరొక జట్టు చేయించి, పందెమునకు దింపక విడిచినది. పందెపు మైదానమే వీరికి ప్రయోగశాల అయినది. నా దృష్టిలో అసలు దోషమిదియే. ఎస్టోరిల్‌లో ఆ ఇంజను తీసి జడ్ వి8 బిగించిరి. ఒక్క అంశమును మార్చి చూచిన ప్రయోగము వంటిదిది. ఈసారి ఇంజను మూత సరిపడక ఎగిరిపోయినది! స్పెయిన్‌లోను గట్టెక్కలేదు, జపాను, ఆస్ట్రేలియాలకు జట్టు పోనేలేదు.

మరమ్మతు పొందిన ఈ కారు, 2009లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ఉత్సవమున మరల కనబడినది. దానిలో ఉన్నది రోక్కీ ఇంజనే.