చల్లటి ఇంజిన్ మీద చెయ్యి

థండర్‌బర్డ్ బైకు కావాలని నల్లగొండలో ఒక్క మెకానిక్ చెవిన వేస్తే చాలు, సాయంత్రానికి ఫోన్లే ఫోన్లు. అందరిదీ ఒకటే పాట: "సింగిల్ హ్యాండ్ బండి అన్నా, ఒక్కసారి నడిపి సూడు, నువ్వే ఇడవవు." 2002లో వచ్చిన ఆ మోడల్ 2020లో మీటియర్‌కు చోటిచ్చి తప్పుకుంది. ఇక దొరికేవన్నీ పాతవే.

నేను బండి కంటే ముందు నంబర్ చూస్తాను. ఏపీ 24 అయితే 2014 జూన్‌కు ముందటి నల్లగొండ బండి. పాలమూరుదైతే ఏపీ 22. అంత పాతదాన్ని పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు లెక్కేసుకోకుండా బేరమాడకూడదు. పాలమూరులో ఇంకో తిరకాసుంది: కృష్ణ దాటితే రాయచూరు. కేఏ నంబర్ బండి చౌకగా వస్తోందని మురిసిపోతే, అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ మురిపెం తీరిపోతుంది.

అసలు పరీక్ష ఇంజిన్‌ది. నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ఫోన్లోనే చెప్పాలి. చెప్పినా చేసేవాళ్లుంటారు. అందుకే వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే పోయి చాయ్ తాగి, తీరిగ్గా రావాలి. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి ఎలాగూ కాలుతుంది కాబట్టి మన ఎండాకాలంలో ఈ పనికి తెల్లవారుజామే మంచిది. రాత్రంతా చల్లబడ్డ బండి స్టార్ట్ అయ్యే తీరులోనే బ్యాటరీ సంగతి, కార్బొరేటర్ సంగతి తెలిసిపోతాయి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టే. రింగులో, వాల్వ్ సీళ్లో పోయుంటాయి. సైలెన్సర్ మార్చిన బండయితే కంపెనీది ఎక్కడుందని అడగండి. ఆ మోతలో ఇంజిన్ చప్పుడు వినపడదు, పైగా పోలీసుల ఫైన్ మీ నెత్తినే.

దాదాపు 190 కిలోల బండి ముందు భారం మోస్తూ హ్యాండిల్‌ను తిరగనిచ్చేది కోన్ సెట్. సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో పట్టేసినట్టు ఆగిందా, అది అరిగినట్టే. టైరు మీద నాలుగంకెలు చూడండి: 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అంత పాత టైరుకు గీతలు నిండుగా ఉన్నా ఎండకు రబ్బరు పగిలి ఉండొచ్చు.

ఇవన్నీ డబ్బుతో బాగయ్యేవే. "ఫారాల మీద సంతకం పెట్టిస్తా, పేరు మెల్లగ మార్చుకో అన్నా" అనే మాటతోనే చిక్కు. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అంటే ఆ ఏమరుపాటు అమ్మినవాడికే ముప్పు, అది అతనికే తెలియదు. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు పట్టుకుని అమ్మేవాడు నాతో ఆర్టీఏ ఆఫీసుకు రానంటే, ట్యాంకు ఎంత మెరిసినా నేను అడ్వాన్స్ ఇవ్వను.