వావిళ్ల వారి అచ్చు

తెలుగు, సంస్కృత కావ్యాలను అచ్చులోకి తెచ్చి నిలబెట్టినవారిలో వావిళ్ల వారి పేరు ముందు వరసలో ఉంటుంది. నెల్లూరు ప్రాంతానికి చెందిన వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం స్థాపించారు. సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేయడంతో, దేవనాగరి రాని పండితులకు, విద్యార్థులకు అవి అందుబాటులోకి వచ్చాయి.

అప్పటి చిక్కంతా తాళపత్రాలతోనే. ఆకు మీద మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు, పద్యం ఎక్కడ ముగిసిందో చదివేవాడే పోల్చుకోవాలి. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో ఉండదు. ఛందస్సు తెలిసిన పండితుడు గణయతిప్రాసలు సరిచూసి పాఠం తేల్చాలి, పీఠిక రాయాలి, ఆ పైన ప్రూఫులు దిద్దాలి. వావిళ్ల ప్రతులకు పండితుల్లో మన్నన దక్కిందంటే ఈ చాకిరీ వల్లనే. అచ్చు యంత్రాలు ఇతరుల దగ్గరా ఉండేవి.

కొడుకు వేంకటేశ్వర శాస్త్రులు (1884–1956) హయాంలో సంస్థ బాగా పెరిగింది. గట్టి పరీక్ష ఎదురైందీ ఆయనకే. కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా, 1910లో వావిళ్ల వారు ప్రకటించారు. అశ్లీలమంటూ ప్రభుత్వం నిషేధించింది. శృంగారం మగకవులు రాస్తే ప్రబంధమై, స్త్రీ రాస్తే బూతైపోవడంలోని పక్షపాతం దాచినా దాగేది కాదు. శాస్త్రులు ఆ పుస్తకాన్ని వదులుకోలేదు. 1947లో నిషేధం తొలగింది. 1952లో మళ్లీ అచ్చువేశారు. వావిళ్ల నిఘంటువు పని కూడా ఆయన చివరి ఏళ్లలోనే సాగింది.

రాతప్రతులతో పాటు నోటిపాటగానూ బతికిన పల్నాటి వీరుల కథకు మాత్రం దారి వేరు. పల్నాడులోని కారెంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పాడే ఆ గాథ శ్రీనాథుడి పేరిట ద్విపదగా రాతప్రతుల్లో ఉండేది. దాన్ని 1911లో పరిష్కరించి ప్రకటించిన అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి గుత్తికొండవారే. ఆ కథలోని వీరుడు బాలచంద్రుణ్ణి వినికిడిగా ఎరిగిన సీమవాడే పాఠం తేల్చడానికి కూర్చోవడం చిన్న సౌలభ్యం కాదు. పాట ఏటేటా మారవచ్చు, అచ్చుపడిన పాఠానికి ఆ వెసులుబాటు లేదు. పరిష్కర్త ఏ పాదం ఉంచి ఏ పాదం తీసేశాడన్నదే తర్వాతి పాఠకులకు మిగిలింది. అచ్చైన ద్విపద చేతికొచ్చాక కూడా కారెంపూడిలో పాట ఆగలేదు.