‘పాండర్’ శబ్దవిచారము

మా తరగతిలో నొక విద్యార్థి యాంగ్లవాక్యమును దెనిగించుచు, ‘పాండర్’ అను క్రియకు ‘మనసున తూచి చూచెను’ అని వ్రాసెను. ‘ఆలోచించెను’ అని యుండవలెనని మేము మార్కులు తగ్గించితిమి. పిమ్మట శబ్దమూలమును వెదకగా తప్పు మాదేయని తేలినది.

లాటినుభాషలో ‘పాండుస్’ అనగా బరువు; ‘పాండెరారె’ అనగా తూచుట. ప్రాచీన ఫ్రెంచి ద్వారా 14వ శతాబ్దమున నీ క్రియ యింగ్లీషును జేరినది. తూనికమానమగు ‘పౌను’ సయిత మీ కుటుంబములోనిదే. మన ‘ఆలోచన’ యన్ననో ‘లోచ్’ ధాతువునుండి పుట్టినది, ఆ ధాతువునకు జూచుట యర్థము, లోచనమనగా గన్ను. చూపు క్షణములో ముగియవచ్చును. తూనికకో రెండు పళ్లెములు కావలెను. ముల్లు నిలుచువఱకు నోపికయు గావలెను.

అయినను మూలమే యర్థమని వాదించుట మఱియొక తప్పు. నేటి యింగ్లీషున నీ మాట యే నిశ్చయమునకును రాని దీర్ఘచింతనకును జెల్లుచున్నది. అచట ‘తూచెను’ అన్న నతుకదు. కావున ననువాదకుడు నిఘంటువును, ధాతువును సంప్రదించి, తుదకు వాక్యమునే యడుగవలెను. ఆ బాలుడు దెనిగించిన వాక్యములో నొక న్యాయాధిపతి యిరుపక్షముల సాక్ష్యమును బరిశీలించుచున్నాడు. అచట ‘తూచి’ యనుటయే యుక్తము.

ఆచి తూచి మాటాడుడని పిల్లలకు బోధించు మేమే తూచక తీర్పు చెప్పితిమి. మఱునాడు తరగతి యెదుటనే యా మార్కులను మరల నిచ్చితిమి. గురుశబ్దమునకు బరువైనదనియు నర్థము గలదు. తప్పొప్పుకొనుటచే నా బరువు తగ్గదు.