రేడియోలో అమ్మ మాట

మా చిన్నచెల్లెల్ని జహీరాబాదులో ఇచ్చాం. ఆ మధ్య వెళ్ళినప్పుడు ఓ సాయంత్రం ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. అది లేచి సంగం రేడియో పెట్టింది. ఎవరో ఆవిడ విత్తనాలు దాచే సంగతి చెబుతోంది. గింజల్లో బూడిద కలపడం, వేపాకు వేయడం, వెదురుబుట్ట మూతిని మట్టితో మెత్తడం. నిజం చెప్పొద్దూ, విత్తనాల సంగతి సగమే నా చెవికెక్కింది. నా ధ్యాసంతా ఆ మాట మీదే ఉండిపోయింది. అచ్చం మా అమ్మ మాట. ‘గట్ల’, ‘ఏసినంక’, ‘మంచిగుంటది’. అదీ రేడియోలో!

ఇందులో అంత బుగ్గలు నొక్కుకోవలసిందేముందీ అంటారేమో. నా సంగతి చెబితే మీకే తెలుస్తుంది. 1981లో నేను ఒక రేడియో కేంద్రానికి స్వరపరీక్షకు వెళ్ళాను, స్త్రీల కార్యక్రమం కోసం ఊరగాయల మీద పది నిమిషాల ప్రసంగం రాసుకుని. అక్కడి పెద్దమనిషి ఓపిగ్గానే విన్నారు. విని, “విషయం బాగుందమ్మా, మాట కాస్త శుభ్రం చేసుకుని రండి” అన్నారు. మాసిన చీర గురించి చెప్పినట్టు! మావారిది ఏలూరు. నెల్లాళ్ళు ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నాను. ‘అచ్చింది’ పోయి ‘వచ్చింది’ వచ్చింది, ‘ఎట్లనో’ పోయి ‘ఎలాగో’ వచ్చింది, చివరికి రేడియోలో నా ప్రసంగమూ వచ్చింది. కరీంనగర్లో మా అమ్మ ఇరుగుపొరుగునంతా పోగేసి విన్నదట. తర్వాత కలిసినప్పుడు, “మంచిగనే చెప్పినవు గని బిడ్డా, నువ్వని గుర్తువట్టలే” అంది. అప్పుడు నవ్వేశాను.

ఈ సంగం రేడియో పుట్టిల్లు జహీరాబాదు దగ్గర మాచ్‌నూర్. 1983 నుంచి ఆ చుట్టుపట్ల పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్నచిన్న చెలకల వాళ్ళు. యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే రేడియోకి కావలసిన సరంజామా అంతా అమర్చుకున్నారు గానీ, లైసెన్సు దొరకలేదు. పదేళ్ళపాటు కార్యక్రమాలు క్యాసెట్ల కెక్కించి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. అత్తగారు వంటింటి తాళం ఇవ్వకపోతే కోడలు పెరట్లో పొయ్యి పెట్టుకున్నట్టు! స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో నడుపుకోవచ్చునని కేంద్రం 2006లో ఒప్పుకుంది. 2008 అక్టోబరు 15న ఈ రేడియో 90.4 మీద మొదలైంది. నడిపినవాళ్ళు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు పల్లెటూరి ఆడపిల్లలు.

దీని గురించి నేను చదివినవి దాదాపు అన్నీ ఒకే బాణీలో ఉన్నాయి. పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళు మైకు ముందు కూర్చున్నారే అని ఒకటే ఆశ్చర్యం. నాకా మెచ్చుకోలు నచ్చదు. తమకు తెలిసిన విద్య గురించి తాము మాట్లాడుతున్నారు, అందులో వింతేముంది? మెచ్చుకోవలసింది వాళ్ళ చెప్పే తీరుని. మా ఇంట్లో హైదరాబాదు ఎఫ్.ఎం. పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. ఆ కుర్రాళ్ళు ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు మాట్లాడతారు, మాట పూర్తయ్యేలోపు నగల దుకాణం అడ్డొస్తుంది. ఇక్కడ చెప్పే ఆవిడ మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతుంది. మనం ‘ఊఁ’ కొట్టడానికి చోటుంటుంది. పాటా అంతే. కలుపు తీసేటప్పటి పాట నా పట్నం చెవికి మరీ సాగినట్టే అనిపించింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు చేరేదాకా సాగవలసిన పాట మరి, మూడు నిమిషాల్లో ఎలా అవుతుంది!

ఇక రాజకీయాలు. ఇలాంటి రేడియోల్లో వార్తలు, రాజకీయ స్వభావం గల కార్యక్రమాలు కూడవని 2006 నాటి నిబంధనల్లో రాశారు. తమాషా ఏమిటంటే, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి ఈ రేడియోని ప్రారంభించారు. ఆస్తి మనదేనట, అందులో కూర్చుని సర్పంచి సంగతి మాత్రం ఎత్తకూడదట!

అయితే ఆడవాళ్ళ ముచ్చట్లను ఏ కత్తెరతో కత్తిరిస్తారు? రేషను బియ్యం ఇంటికొచ్చాక చేలో జొన్నా, కొర్రా ఎందుకు తగ్గిపోయాయని ఒకావిడ అడిగిందనుకోండి. అది వంట సంగతా, రాజకీయమా? బుట్టలో గింజ ఉండగా దుకాణానికి పోయి విత్తనం కొనడం దేనికంటే, అది సేద్యమా, డబ్బు సంగతా? పట్నం రేడియోలో డబ్బు అంటే బంగారం కుదువ పెట్టుకునే అప్పు. అక్కడి సంఘాల్లో గింజ అప్పు ఉంది. మనం పక్కింట్లో పంచదార చేబదులు తెచ్చినట్టే విత్తనం కొలిచి తీసుకుని, పంటొచ్చాక ఇంకాస్త కలిపి కొలిచి ఇస్తారు. రాజకీయమంటే రచ్చబండ మీద మగవాళ్ళు మాట్లాడుకునేదే అనుకుని ఉంటారు ఆ నిబంధన రాసినవాళ్ళు. వంటింటి మాటలు ఎప్పుడూ విన్నట్టు లేదు. ఒకందుకు నయమే అయింది.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఊరి బోరు బాగుచేయడానికి వచ్చిన సొమ్ము ఏమైందని పేరు పెట్టి అడగవలసిన రోజున విత్తనాల ముచ్చట చాలదు. వాన మీద పాడనిచ్చి చెరువు లెక్క అడగనివ్వకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఇలాంటి రేడియోల్లో గంటకు 7 నిమిషాలుండే వ్యాపార ప్రకటనల్ని 2024లో 12 నిమిషాలకు పెంచారు. డబ్బొచ్చే దారి వెడల్పు చేశారు, ప్రశ్న వెళ్ళే దారి అలాగే ఉంచారు.

ఆ రాత్రి కార్యక్రమం అయిపోయింది. చిక్కుడుకాయలూ అయిపోవచ్చాయి. మా చెల్లెలు ఇంకో గుప్పెడు ముందుకు లాక్కుంటుంటే, “ఇగ సాలు గని, పొయ్యి ముట్టియ్యే” అన్నాను. నలభై ఏళ్ళు దాటింది నేనా మాట అని. అది గభాలున తలెత్తి చూసింది.

“ఏమన్నవక్కా?”

మళ్ళీ అన్నాను.